వెదురు ఆర్గన్ మళ్లీ పలికిన వైనం: లాస్ పిన్యాస్ కేస్ స్టడీ

ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాకు దక్షిణాన లాస్ పిన్యాస్ అనే ఊరుంది. ఒకప్పుడు ఉప్పు మడుల మీద, చేపల వేట మీద బతికిన ఊరు. ఇప్పుడు మహానగరంలో కలిసిపోయింది. అక్కడి సెయింట్ జోసెఫ్ చర్చిలో, పాడేవాళ్లు నిలబడే పై అంతస్తులో, 1824లో పూర్తయిన పైప్ ఆర్గన్ ఒకటి ఉంది. దానికి మొత్తం 1,031 గొట్టాలు. వాటిలో 902 వెదురువి, మిగిలిన 129 మాత్రమే లోహానివి. స్పెయిన్ నుంచి వచ్చిన ఒక మతగురువు తన దేశపు ఆర్గన్ పద్ధతిని ఏమాత్రం వదలకుండా, చేతికందిన వెదురుతో కట్టిన వాద్యమిది.

నేను పైప్ ఆర్గన్ల మరమ్మతు పని చేసేవాణ్ణి. లాస్ పిన్యాస్ పనిలో నా చెయ్యి లేదు, అది నా ముందు తరంవాళ్లు చేసిన పని. అయినా ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు నేను మొదట చెప్పే కేసు ఇదే. ఎందుకంటే పాత వాద్యాన్ని బాగుచేయడంలో ఎదురయ్యే చిక్కులన్నీ ఇక్కడ ఒక్కచోటే కనిపిస్తాయి: పురుగు, తేమ, భూకంపం, తుఫాను, డబ్బు, దూరం, పని తెలిసినవాళ్లు దగ్గర్లో లేకపోవడం. వాటిలో నా లెక్కన అన్నిటికన్నా పెద్దది చివరిదే. ఈ ఆర్గన్ కథంతా ఆ కోణం నుంచే చెబుతాను.

ముందు వాద్యం గురించి

తెలుగు ఇళ్లలో ఆర్గన్ అంటే చాలామందికి హార్మోనియమో, ఎలక్ట్రానిక్ కీబోర్డో గుర్తుకొస్తుంది. పైప్ ఆర్గన్ వేరు. అందులో ప్రతి స్వరానికీ ఒక విడి గొట్టం ఉంటుంది. తిత్తుల నుంచి వచ్చే గాలి విండ్ చెస్ట్ అనే బిగుతైన చెక్కపెట్టెలో నిండి ఉంటుంది. మెట్టు నొక్కితే సన్నని చెక్కపట్టీలు కదిలి, పెట్టెలో ఆ మెట్టుకు సంబంధించిన మూతను తెరుస్తాయి. గాలి గొట్టంలోకి పోతుంది, గొట్టం పలుకుతుంది. ఒకే రకం ధ్వని ఉన్న గొట్టాల వరసను స్టాప్ అంటారు. వాయించేవాడి పక్కనున్న పిడిని లాగితే చిల్లులున్న ఒక పొడుగాటి పలక జరిగి, ఆ వరసకు గాలి దారి తెరుచుకుంటుంది. ఇందులో కరెంటుతో పనే లేదు. తోలు, కొయ్య, తీగ, లోహం ఉంటే చాలు.

గొట్టాలు రెండు రకాలు. ఫ్లూ పైపు మన పిల్లనగ్రోవి సూత్రం మీదే పలుకుతుంది. గాలి ఒక సన్నని సందులోంచి వచ్చి పెదవి అంచుకు తగిలి, గొట్టంలోని గాలిస్తంభాన్ని ఊపుతుంది. రీడ్ పైపులో ఇత్తడి నాలుక కొట్టుకుంటుంది. దాని మీద నిలిచిన గొట్టం ఆ ధ్వనికి ఆకారమిస్తుంది. లాస్ పిన్యాస్‌లో ఫ్లూ పైపులు వెదురువి, ట్రంపెట్ రకం రీడ్ పైపులు లోహానివి.

స్పెయిన్ ఆర్గన్లకు కొన్ని గుర్తులున్నాయి. ఒకే మెట్ల వరస ఉన్నా దాన్ని మధ్యలో రెండుగా విడగొడతారు. మధ్య స్థాయి ‘సి’ వరకు ఎడమ భాగం, ‘సి షార్ప్’ నుంచి కుడి భాగం. ప్రతి భాగానికీ స్టాపులు వేరు. దాంతో ఎడమ చేతికి మెత్తని ఫ్లూట్ ధ్వని, కుడి చేతికి ట్రంపెట్ పెట్టుకుని ఒకే మెట్ల వరస మీద ఇద్దరు వాయిస్తున్నట్టు వాయించవచ్చు. 17వ శతాబ్దంలో సెవిల్లెలో ఉన్న ఫ్రాన్సిస్కో కొర్రెయా దె అరౌహో వంటి స్వరకర్తలు ఈ సగం స్టాపుల కోసమే ప్రత్యేకంగా రచనలు చేశారు. కాబట్టి మరమ్మతులో ఎవరైనా ఈ విభజన తీసేసి మెట్ల వరసను ‘మామూలుగా’ మారిస్తే ఆ సంగీతమంతా వాద్యానికి దూరమైపోతుంది. ఐరోపాలో కొన్ని పాత ఆర్గన్లకు అలా జరిగింది కూడా.

రెండో గుర్తు ఇంకా బాగా కనిపిస్తుంది. ఆర్గన్ ముఖం నుంచి ట్రంపెట్లు అడ్డంగా, చర్చిలో కూర్చున్నవాళ్ల వైపు పొడుచుకొచ్చి ఉంటాయి. 17వ శతాబ్దం రెండో భాగంలో బాస్క్ ప్రాంతానికి చెందిన ఫ్రే హోసె దె ఎచెవర్రియా వంటి నిపుణుల చేతుల్లో ఈ పద్ధతి ఊపందుకుంది. చూపులకు ఠీవిగా ఉంటాయి, వింటే గుండె అదురుతుంది. పనివాడి కంటితో చూస్తే ఇంకో లాభం కూడా ఉంది. రీడ్ పైపును మాటిమాటికీ శ్రుతి చేయాలి. అడ్డంగా ముందుంటే చెయ్యి తేలిగ్గా అందుతుంది. నిలువు గొట్టంలో పడినట్టు పైనుంచి దుమ్ము నేరుగా నాలుక మీద పడదు. నష్టమూ ఉంది. తన బరువుకు తానే వంగిపోకుండా ప్రతి గొట్టానికీ సరైన ఆసరా ఉండాలి.

లాస్ పిన్యాస్‌లో ఇవన్నీ ఉన్నాయి. విడగొట్టిన మెట్ల వరస, అడ్డంగా పొడుచుకొచ్చిన క్లారిన్, బహోన్సియో ట్రంపెట్లు, కాళ్లతో నొక్కి వాయించే కొద్దిపాటి పెడల్ స్వరాలు అన్నీ స్పానిష్ పద్ధతివే. పిల్లలకు నచ్చే రెండు సరదా స్టాపులు కూడా ఉన్నాయి. పహరీతోస్ అనేది పిట్టల కిలకిల. చిన్న గొట్టాల కొసలు నీళ్లలో మునిగి ఉంటాయి, గాలి వదిలితే నీరు బుడబుడలాడి పిట్ట కూసినట్టుంటుంది. తంబోర్ అనేది డప్పు. కావాలనే శ్రుతి కాస్త తేడాగా పెట్టిన రెండు మంద్ర గొట్టాలు కలిసి మోగితే ధ్వని ఎగసిపడి డప్పు దరువులా వినిపిస్తుంది. ఇలాంటి స్టాపులను బొమ్మలని చిన్నచూపు చూసే నిపుణులున్నారు. నేను వాళ్లతో ఏకీభవించను. పండగ పూట చర్చికి వచ్చే జనం కోసం కట్టిన వాద్యంలో పండగ ధ్వని ఉండాల్సిందే.

దియెగో సెరా

ఆర్గన్ కట్టిన దియెగో సెరా 1762లో స్పెయిన్‌లోని ఆరగాన్ ప్రాంతంలో, గ్రౌస్ అనే ఊళ్లో పుట్టాడు. అగస్టీనియన్ రికలెక్ట్ సంఘానికి చెందిన మతగురువు. 1792లో ఫిలిప్పీన్స్ చేరి, 1795లో లాస్ పిన్యాస్‌లోనే నివాసముండే తొలి పాదిరిగా వచ్చాడు. ఊళ్లో రాతి చర్చిని కట్టించిందీ ఆయనే. చర్చి పని ఇంకా సాగుతుండగానే, 1816లో ఆర్గన్ మొదలుపెట్టాడు. 1821 నాటికి ట్రంపెట్లు తప్ప మిగతా ఆర్గన్ వాయించడానికి సిద్ధమైంది. 1824లో లోహపు ట్రంపెట్లు కూడా చేరి పూర్తయింది. 1832లో ఆయన చనిపోయాడు.

ఆ తర్వాత నాలుగేళ్లకే, 1836లో, స్పెయిన్‌లో మెందిసాబల్ ప్రభుత్వం మఠాల ఆస్తులను స్వాధీనం చేసుకుని అమ్మకానికి పెట్టింది. మఠాలు మూతబడ్డాయి. వాటితో పాటే ఎన్నో ఆర్గన్లు పాడుబడ్డాయి. ఆర్గన్లు కట్టే కుటుంబాలకు పని పోయింది. దాదాపు వందేళ్ల తర్వాత అంతర్యుద్ధం మరికొన్నిటిని బూడిద చేసింది. సెరా చిన్నప్పుడు విన్న పద్ధతి సొంత దేశంలోనే తెగిపోయిన కాలంలో, సముద్రాలు దాటి వచ్చిన ఒక నమూనా వెదురులో నిలిచింది. అందుకే ఈ వాద్యం ఫిలిప్పీన్స్‌కు ఎంత విలువైనదో, స్పానిష్ ఆర్గన్ చరిత్ర చదివేవాళ్లకూ అంతే విలువైనది.

వెదురును ఎలా సిద్ధం చేశాడు

ఇక్కడ కాస్త ఆగుతాను. ఈ కేసులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగమిది.

వెదురుకు అసలు శత్రువు పుచ్చు. కోసిన బొంగులో పిండిపదార్థం నిలవ ఉంటుంది. దానికోసం పొడిపురుగు తొలుచుకుంటూ లోపలికి పోతుంది. బయటికి గుండుసూది మొనంత చిల్లు కనబడుతుంది, లోపల సొరంగాలే ఉంటాయి. బుట్టకైతే పర్వాలేదు. ఆర్గన్ గొట్టానికి గుండుసూది చిల్లు కూడా ప్రాణాంతకమే. గాలి అక్కడినుంచి పోతే స్వరం తప్పుతుంది, లేదా అసలు పలకదు.

సెరా వెదురు కోయించి సముద్రపు ఒడ్డున ఇసుకలో పాతిపెట్టించాడు. నెలల తరబడి అలాగే ఉంచి, 1817లో బయటికి తీయించాడు. పురుగు పట్టకుండా, చీలకుండా మిగిలినవాటినే పనికి తీసుకున్నాడు. ఇందులో రెండు పనులు ఒకేసారి జరిగాయి. ఉప్పునీటి తడిలో నానిన బొంగులోంచి పిండిపదార్థం, చక్కెర కరిగి బయటికి పోయాయి. రెండోది అంతకన్నా ముఖ్యం. లోపమున్న బొంగులన్నీ ముందే బయటపడిపోయాయి. ఆర్గన్‌లో కూర్చున్నాక పుచ్చిపోవలసిన బొంగు ఇసుకలోనే పుచ్చిపోయింది.

మన పల్లెల్లోనూ పెద్దలు వెన్నెల రోజుల్లో వెదురు కొట్టవద్దంటారు, కొట్టిన బొంగులను చెరువులో నానబెట్టమంటారు. మేదరులకు ఇది కొత్త సంగతి కాదు. సెరా ఈ పని పుస్తకాల్లో చదివి చేశాడనుకోను. వెదురుతో ఇళ్లు, పడవ సామాను, చేపల మావులు చేసుకునే జనం మధ్య ఇరవై ఏళ్లకు పైగా బతికినవాడు, వాళ్ల చేతుల్లోని విద్యను చూసే ఉంటాడు. వాద్యం ఆకారం స్పెయిన్‌ది, దాన్ని రెండు వందల ఏళ్లు నిలబెట్టిన నేర్పులో పెద్ద పాలు ఆ తీరప్రాంతపు జనానిది అని నా గట్టి నమ్మకం.

ఎంపిక తర్వాత ఇంకో చిక్కుంది. లోహపు గొట్టమైతే కావలసిన వ్యాసంలో రేకు చుట్టుకోవచ్చు. వెదురు దొరికిన వ్యాసంలోనే దొరుకుతుంది. మొదట్లో లావుగా, పైకి పోయేకొద్దీ సన్నగా ఉంటుంది, పైగా ఏ రెండు బొంగులూ ఒకటిగా ఉండవు. వందలాది బొంగులను లోపలి కొలతల ప్రకారం వరస పేర్చి, ఏది ఏ స్వరానికి పనికొస్తుందో చూసుకుంటే తప్ప ధ్వని ఒకే తీరుగా సాగదు. ఆ వరస కుదరబట్టే ఈ ఆర్గన్ ఫ్లూట్ స్టాపులు అంత సమంగా, తియ్యగా పలుకుతాయి.

ట్రంపెట్లను మాత్రం ఆయన వెదురుతో చేయలేదు. కారణం భౌతికశాస్త్రంలోనే ఉంది. ట్రంపెట్ గొట్టం సన్నగా మొదలై గరాటులా విచ్చుకోవాలి. ఆ ఆకారంలో మూల స్వరంతో పాటు సన్నగా మోగే పై స్వరాలు, అంటే అనుస్వరాలు, సరివీ బేసివీ అన్నీ పలుకుతాయి. మెరుపు అక్కడినుంచే వస్తుంది. నాలుక మీద వెదురులాంటి సమానమైన గొట్టం నిలబెడితే బేసి అనుస్వరాలే బలంగా వస్తాయి, ధ్వని ముక్కుతో పాడినట్టు బోలుగా ఉంటుంది. వెదురు ఎంత ఇష్టమైనా, అది చేయలేని పని దానిచేత చేయించలేదాయన. ఆ విచక్షణ నాకు నచ్చుతుంది.

ఎలా పాడైంది

లాస్ పిన్యాస్ ఉన్న లూజాన్ ద్వీపం భూకంపాల నేల. 1863లో మనీలాను కూల్చేసిన భూకంపం, 1880 నాటి భూకంపాలు, వాటి మధ్య తుఫానులు చర్చిని, ఆర్గన్‌ను దెబ్బతీశాయి. పైకప్పు ఎగిరిపోయిన చర్చిలో వాద్యం వానకు తడిసింది. చాలా ఏళ్లు మూగగా పడి ఉంది. 20వ శతాబ్దం రెండో దశాబ్దంలో బెల్జియం నుంచి వచ్చిన పాదిరి విక్టర్ ఫానియెల్ చొరవతో కొంత బాగుచేశారు, ఆర్గన్ మళ్లీ కొంతవరకు పలికింది. తర్వాత యాభై ఏళ్లకు మళ్లీ క్షీణించింది.

ఎవరడిగినా భూకంపం వల్ల పోయిందనే చెబుతారు. అది సగమే నిజం. భూకంపం గొట్టాన్ని పడేస్తుంది. పడిన గొట్టాన్ని ఆ వారంలోనే తీసి చూసి, చీలిక అతికి, తిరిగి నిలబెట్టేవాడుంటే ఆర్గన్ చావదు. లేకపోతే పడిన గొట్టం మూలకు చేరుతుంది, మూలకు చేరినది కనబడకుండా పోతుంది. తోలు ఎండి తిత్తులు గాలి వదిలేస్తాయి. విండ్ చెస్ట్ పలకలు వంగి, పక్క స్వరాలు కూడా సన్నగా ఏడవడం మొదలుపెడతాయి. సెరా పోయాక ఆ ఊళ్లో ఆయన పని తెలిసినవాడు లేడు. వాద్యానికి అసలు దెబ్బ అక్కడే తగిలింది.

బాన్‌కు ప్రయాణం

1970ల మొదట్లో ఫిలిప్పీన్స్ ప్రభుత్వం, స్థానికులు కలిసి చర్చిని, ఆర్గన్‌ను రెండింటినీ పునరుద్ధరించాలని పూనుకున్నారు. చర్చిని 19వ శతాబ్దపు రూపానికి తెచ్చే బాధ్యత ఆర్కిటెక్ట్ ఫ్రాన్సిస్కో మన్యోసా బృందానిది. ఆర్గన్ పని పశ్చిమ జర్మనీలోని బాన్ నగరంలో ఉన్న యోహానెస్ క్లైస్ సంస్థకు దక్కింది. 1882లో మొదలైన కుటుంబ సంస్థ అది. 1973లో ఆర్గన్‌ను విప్పి ఓడకెక్కించారు.

నూటయాభై ఏళ్లు తేమగాలిలో బతికిన వెదురును జర్మనీ చలికాలంలోకి తీసుకెళ్లడం ఎంత ప్రమాదమో చెప్పాలి. మనీలా ప్రాంతంలో గాలి తేమ ఏడాది పొడవునా ఎక్కువే, సగటున నూటికి 75కు పైనే ఉంటుంది. చలికాలంలో హీటర్లు వేసిన ఐరోపా వర్క్‌షాపులో గాలి అందులో సగం కూడా తేమ లేకుండా ఎండిపోతుంది. తేమ పోయిన వెదురు నిలువునా కాక అడ్డంగా కుంచించుకుపోతుంది. బయటి గట్టి పొర, లోపలి మెత్తని పొర ఒకేలా కుంచించుకోవు. ఆ లాగుడుకు బొంగు నిట్టనిలువునా ‘టప్’మని చీలుతుంది. ఒక్క రాత్రి చాలు.

క్లైస్ వాళ్లు చేసిన తెలివైన పని ఇక్కడుంది. వర్క్‌షాపులో ప్రత్యేకంగా ఒక గది కట్టి, అందులో ఫిలిప్పీన్స్ వేడిని, తేమను నిలబెట్టారు. వెదురు ఆ గదిలోనే ఉంది, పని ఆ గదిలోనే జరిగింది. బయట మంచు కురుస్తుంటే లోపల పనివాళ్లు చెమటలు కక్కుతూ గొట్టాలు సరిచేశారు. వాద్యాన్ని తమ ఊరి వాతావరణానికి అలవాటు చేయకుండా, తామే వాద్యం ఊరి వాతావరణంలోకి వెళ్లారు. ఈ మొత్తం కేసులో ఇంతకన్నా సరైన నిర్ణయం ఇంకోటి లేదు.

ఆ గది గొట్టాలు చీలకుండా కాపాడటంతో పాటు శ్రుతికి కూడా అవసరమే. గాలి వేడెక్కితే అందులో ధ్వని వేగం పెరుగుతుంది. ఒక్కో డిగ్రీకి ఫ్లూ పైపు శ్రుతి సుమారు 3 సెంట్లు పైకి పోతుంది. అర్ధస్వరం అంటే 100 సెంట్లు. 18 డిగ్రీల గదిలో శ్రుతి చేసిన గొట్టం 30 డిగ్రీల చర్చిలో దాదాపు 36 సెంట్లు హెచ్చుగా పలుకుతుంది. అంటే అర్ధస్వరంలో మూడో వంతు. అన్ని గొట్టాలూ కలిసి పెరిగితే అంత నష్టం లేదు. కానీ రీడ్ పైపుల శ్రుతిని ఇత్తడి నాలుక నిర్ణయిస్తుంది కాబట్టి అవి వేడికి అంతగా కదలవు. చల్లని గదిలో చక్కగా కలిసిన ఫ్లూట్, ట్రంపెట్ లాస్ పిన్యాస్‌లో ఒకదానితో ఒకటి పోట్లాడతాయి. అక్కడి వేడిలో పలకాల్సిన వాద్యాన్ని ఆ వేడిలోనే శ్రుతి చేయాలి.

బెంచీ మీద పని ఎలా ఉంటుందో

చదివేవాళ్లకు పని దగ్గరగా కనబడాలి కాబట్టి రెండు సంగతులు వివరిస్తాను. ఇవి ఏ దేశపు బెంచీ మీదైనా ఒకేలా జరుగుతాయి.

మొదటిది చీలిక పట్టుకోవడం. గొట్టం గాలి శబ్దంతో బొంగురుగా పలుకుతుంది, ఎక్కడ చీలిందో కంటికి కనబడదు. దాన్ని పరీక్ష తిత్తి మీద నిలబెట్టి, సన్నగా పలికిస్తూ, వేలిని కింది నుంచి పైకి మెల్లగా జరుపుతాం. ఒకచోట వేలు పడగానే స్వరం ఒక్కసారిగా తేటపడుతుంది. వేలు తీస్తే మళ్లీ బొంగురు. చీలిక అక్కడుంది. చీకటి గదిలో గొట్టం లోపల చిన్న దీపం పెడితే వెంట్రుకంత వెలుగు గీత కనబడుతుంది. దాని రెండు కొసలకూ గుర్తు పెట్టుకుని, చర్మం ఉడికించి చేసే పాతకాలపు జిగురు పట్టించి, దారంతో బిగించి ఆరనిస్తాం. నేటి ప్లాస్టిక్ జిగుళ్లు ఇంతకన్నా గట్టివే. కానీ ఒకసారి పెడితే ఊడదీయలేం. ఈ పాత జిగురు వేడి, తడి తగిలితే విడిపోతుంది. రేపు ఇంకెవరైనా ఇంతకన్నా బాగా చేయగలిగితే వాళ్లకు దారి ఉంచాలి. తేమ ఎక్కువున్న చోట అదే జిగురు మెత్తబడే భయమూ ఉంది కాబట్టి దారం కట్టు మీద శ్రద్ధ పెడతాం.

రెండోది ట్రంపెట్ నాలుక. గొట్టం అడుగున ఇత్తడితో చేసిన చిన్న కాలువ ఉంటుంది, దాని మీద సన్నని ఇత్తడి నాలుక. ఆ నాలుకకు కంటికి ఆనీఆననంత వంపు ఉంటుంది. ధ్వని గుణమంతా ఆ వంపులోనే ఉంటుంది. వంపు ఎక్కువైతే పలకడం ఆలస్యమవుతుంది, తక్కువైతే గరగరలాడుతుంది. ట్రంపెట్ మూగబోతే కొత్తవాడు వెంటనే నాలుకను వంచబోతాడు. ముందు చేయాల్సింది అది కాదు. మడత పడని కరకరలాడే కొత్త నోటు తీసుకుని, నాలుకకూ కాలువకూ మధ్య దూర్చి, నెమ్మదిగా బయటికి లాగాలి. చాలాసార్లు ఒక దుమ్ము రేణువు దాంతో వచ్చేస్తుంది, ట్రంపెట్ గొంతు విప్పుతుంది. పాతకాలపు నిపుణుడు పెట్టిన వంపును చెరిపేస్తే అతని ధ్వనిని తిరిగి తీసుకురాలేం.

శ్రుతి విషయంలోనూ ఇలాంటి నియమమే ఒకటుంది. ఎండ ముదిరి ట్రంపెట్లు, ఫ్లూట్లు విడిపోతే ట్రంపెట్లనే ఫ్లూట్లకు దగ్గరగా తేవాలి. ట్రంపెట్‌లో శ్రుతి తీగను చిటికెడు జరిపితే సరిపోతుంది. ఫ్లూట్ గొట్టాన్ని ముట్టుకున్న ప్రతిసారీ దాని కొస కాస్త అరుగుతుంది. లాస్ పిన్యాస్ లెక్కలో చెప్పాలంటే, 129 లోహపు గొట్టాలను కదిలిస్తూ 902 వెదురు గొట్టాలను ప్రశాంతంగా ఉండనివ్వాలి.

తిరిగి ఇంటికి

1975 మార్చిలో ఆర్గన్ ఫిలిప్పీన్స్ చేరింది. అదే ఏడాది మే 9న, బాగుచేసిన చర్చిలో, జర్మనీలోని ట్రియర్ కథీడ్రల్ ఆర్గనిస్ట్ వోల్ఫ్‌గాంగ్ ఓమ్స్ ప్రారంభ కచేరీ చేశాడు. సెరా చేతుల మీదుగా వచ్చిన వెదురు గొట్టాల్లో చాలావాటికి అది పునర్జన్మే.

చాలా కేస్ స్టడీలు ప్రారంభ కచేరీ ఫొటోతో ముగిసిపోతాయి. ఈ పద్ధతి నాకు నచ్చదు. పునరుద్ధరణ నిలిచిందా లేదా అన్నది తర్వాత ఇరవై, ముప్పై ఏళ్లలో తేలుతుంది.

లాస్ పిన్యాస్‌లో తర్వాత జరిగింది ఇదీ. 1976 నుంచి ఏటా అంతర్జాతీయ వెదురు ఆర్గన్ ఉత్సవం మొదలైంది. రోజూ వాయించే ఆర్గన్ చెడిపోతే వెంటనే తెలుస్తుంది. ఏటా పండగకు సిద్ధం కావలసిన ఆర్గన్‌ను ఏటా ఎవరో ఒకరు పూర్తిగా చూడాల్సిందే. ఉత్సవం సంగీతప్రియులకు ఎంత మేలు చేసిందో, ఆర్గన్‌కూ అంతే మేలు చేసింది. ఊళ్లోని బాలుర గాయక బృందంలో పాడిన పిల్లల్లోంచే అర్మాందో సలార్సా వంటి ఆర్గనిస్టు తయారయ్యాడు. ఐరోపాలో చదివి వచ్చి, ఆ ఆర్గన్ దగ్గరే కూర్చున్నాడు.

వాయించేవాళ్లు దొరికారు, మరి బాగుచేసేవాళ్లో? జర్మనీ, ఆస్ట్రియాల్లో ఆర్గన్ నిర్మాణం నేర్చుకున్న సీల్విన్ తాగ్లే లాంటి ఫిలిప్పినో పనివాళ్లతో 1994లో లాస్ పిన్యాస్‌లోనే ఒక ఆర్గన్ వర్క్‌షాపు వెలిసింది. దానికి దియెగో సెరా ఆర్గన్‌బిల్డర్స్ అని పేరు పెట్టుకున్నారు. 2003 నవంబరులో ప్రభుత్వం ఈ ఆర్గన్‌ను జాతీయ సాంస్కృతిక నిధిగా ప్రకటించింది. 2003–2004లో దానికి మళ్లీ పెద్ద మరమ్మతు అవసరమైంది. ఈసారి ఓడ ఎక్కించలేదు, కృత్రిమ వాతావరణపు గది కట్టలేదు. ఆ పని ఆ ఊళ్లోనే, ఆ గాలిలోనే, ఆ ఊరి వర్క్‌షాపు చేసింది.

బాన్‌కు పంపడం తప్పా అని నన్ను అడిగేవాళ్లున్నారు. తప్పు కాదు. 1973లో ఆ పని చేయగల వర్క్‌షాపు ఫిలిప్పీన్స్‌లో లేదు. మెక్సికో నగర కథీడ్రల్‌లోని స్పానిష్ ఆర్గన్లు 1967లో మంటల్లో దెబ్బతిన్నప్పుడు కూడా ఆ పని నెదర్లాండ్స్‌కు చెందిన ఫ్లెంట్రాప్ సంస్థ దగ్గరికే వెళ్లింది. ఆ కాలంలో వేరే దారి లేదు. కానీ అదే పని ఈ రోజు ఎవరైనా మళ్లీ ప్రతిపాదిస్తే నేను ఒప్పుకోను. రవాణాలో పోయే ప్రతి చిన్న ముక్క, బయట గడిపే ప్రతి నెల వెదురుకు ప్రమాదమే. అంతకన్నా ముఖ్యంగా, ఆర్గన్‌తో పాటు పని తెలిసిన చేతులు కూడా విదేశంలోనే ఉండిపోతాయి.

మన తూర్పు తీరంలో కూడా ఈ లెక్కే వర్తిస్తుంది. చెన్నైలోని సెయింట్ ఆండ్రూస్ కిర్క్ వంటి పాత చర్చిల్లో పైప్ ఆర్గన్లున్నాయి. అవి బ్రిటిష్ కాలానివి, వెదురువి కావు. కానీ ఉప్పుగాలి, తేమ, చెదలు, తోలు ఎండిపోవడం అన్నీ లాస్ పిన్యాస్‌లో ఉన్నవే. నిధులు పోగుచేసి విదేశీ నిపుణుణ్ణి ఒక్కసారి రప్పించే ప్రతిపాదనలు నా ముందుకొచ్చినప్పుడల్లా ఒకే మాట అడుగుతాను: ఆ నిపుణుడి పక్కన బెంచీ మీద కూర్చుని నేర్చుకునే ఇద్దరు కుర్రాళ్ల జీతం ఆ లెక్కలో రాశారా? వడ్రంగం తెలిసిన పిల్లలు మనకు కొదవ లేదు. హార్మోనియం రీడ్లను చెవితో శ్రుతి చేసే పనివాళ్లు తెలుగు ఊళ్లలో ఇంకా ఉన్నారు. ట్రంపెట్ నాలుక వంపు వాళ్లకు నేర్పడం కష్టం కాదు.

లాస్ పిన్యాస్ వర్క్‌షాపు తన ఊరి ఆర్గన్ దగ్గరే ఆగిపోలేదు. బొహోల్ ద్వీపంలోని బక్లయోన్ చర్చిలో 1824 నాటి మరో ఆర్గన్ ఉంది, దాన్ని 2008లో వాళ్లే పునరుద్ధరించారు. 2013 అక్టోబరు 15న బొహోల్‌ను 7.2 తీవ్రత భూకంపం కుదిపి, బక్లయోన్ చర్చి దెబ్బతిన్నప్పుడు, ఆ ఆర్గన్ సంగతి అడగడానికి ఫోన్ చేయాల్సింది బాన్‌కు కాదు, మనీలాకు.